తిన్నది ఒంటికి పట్టాలంటే: అంబలి నుంచి ఐరన్ మాత్ర దాకా

"ఏటో, ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు" అనే మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంటికెళ్ళినా వినిపిస్తుంది. అన్నవాళ్ళకి వెంటనే దొరికే సలహా కూడా ఒకటే: ఇంకొంచెం తిను, లేదంటే మంచి టానిక్కు తెచ్చుకో. తిండికే కరువున్న ఇళ్ళు ఉన్నాయి, కాదనను. కానీ చాలా ఇళ్ళల్లో తోటకూర వండుతారు, చోడంబలి (రాగి అంబలి) తాగుతారు, పప్పు ఉంటుంది, వారానికోసారి చేపలూ ఉంటాయి, అయినా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే కూర్చుంటుంది. నోట్లో పెట్టుకున్నదంతా రక్తంలోకి వెళ్ళదు కాబట్టి. కంచంలో దేని పక్కన ఏముంది, చెయ్యి కడుక్కున్నాక ఏం తాగాం, పొద్దున్నే ఏ మాత్ర వేసుకున్నాం, కడుపులో నులిపురుగులు ఉన్నాయా, ఇవన్నీ కలిసి ఎంత లోపలికి వెళ్ళాలో తేలుస్తాయి. ఇక్కడ రాసేవాటిలో కొత్తగా కొనాల్సినవి దాదాపు ఏమీ లేవు, కలపడంలోనూ టైములోనూ చేసుకోవాల్సిన మార్పులే ఎక్కువ. నేను పిల్లలకి జీవశాస్త్రం చెప్పే మనిషిని, డాక్టర్ని కాను, కాబట్టి మందుల మోతాదు విషయంలో మీ డాక్టరు మాటే మాట.

ముందు లోపలి దారి తెలుసుకోండి

ఇది తెలియకపోతే మిగతా సలహాలన్నీ బట్టీ పట్టినట్టే ఉంటాయి, అందుకని కొంచెం ఓపిక పట్టండి. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని నోట్లోనే చక్కెరగా విడగొట్టడం మొదలెడుతుంది, ఒట్టి అన్నం ముద్ద కాసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ కలిసి మాంసకృత్తుల పని పడతాయి. ఖాళీ కడుపులో ఆ ఆమ్లం పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది, అంటే నిమ్మరసం స్థాయి పులుపు లేదా అంతకంటే ఎక్కువ. తిండితో వచ్చిన క్రిముల్లో చాలావాటిని చంపేది అదే, ఆకుకూరలోని ఐరన్‌ని కరిగించి పేగు పీల్చుకోగలిగేలా ఉంచేదీ అదే. ఈ ముక్క గుర్తుంచుకోండి, గ్యాస్ మాత్రల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

అక్కణ్ణుంచి రెండు మూడు గంటల్లో, నూనె ఎక్కువున్న భోజనమైతే ఇంకొంచెం ఆలస్యంగా, తిండి కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దిగుతుంది. క్లోమం నుంచి ఎంజైములు, కాలేయం నుంచి పైత్యరసం వచ్చి కలిసేది ఇక్కడే. దాదాపు ఆరు మీటర్ల పొడవున్న ఈ పేగు లోపలి గోడ నున్నగా ఉండదు, టర్కీ టవల్ మీద పోగులు లేచి ఉన్నట్టు లక్షల కొద్దీ చూషకాలు ఉంటాయి, వాటి మీద మైక్రోస్కోపులో తప్ప కనపడని సూక్ష్మ చూషకాలు ఉంటాయి. ఈ ముడతలూ పోగులూ పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాత పుస్తకాల్లో రాసేవారు, 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్ళీ కొలిచి దాదాపు ముప్ఫై చదరపు మీటర్లని తేల్చారు. పేగులో ఒక్కో భాగం ఒక్కోదాన్ని పట్టుకుంటుంది. మొదటి భాగమైన ఆంత్రమూలంలో ఐరన్, కాల్షియం బాగా లోపలికి వెళ్తాయి, మధ్యలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు, చిట్టచివర విటమిన్ బీ12. మిగిలినదాంట్లోంచి నీళ్ళు లాగడం, పీచుని బ్యాక్టీరియాకి అప్పజెప్పడం పెద్దపేగు వంతు.

తింటూ నీళ్ళు తాగితే అరగదని మన పెద్దవాళ్ళు పిల్లల్ని కసురుతుంటారు. తాగిన నీళ్ళు, లోపల ఊరే రసాలు కలిపి రోజుకి ఎనిమిది, తొమ్మిది లీటర్లు పేగుల్లోంచి వెళ్తాయి, అందులో మలంతో బయటికి పోయేది ఓ వంద, రెండు వందల మిల్లీలీటర్లే. అలాంటి చోట ఒక గ్లాసు నీళ్ళు చేసే నష్టం ఏమీ లేదు. దాహం వేస్తే తాగనివ్వండి.

ఐరన్: ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను

ఎందుకంటే ఆడవాళ్ళకీ, ఎదిగే పిల్లలకీ ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే, పైగా తిండి అలవాటుతో సరిచేసుకోగలిగే భాగం కూడా ఇందులోనే ఎక్కువ ఉంది.

ఐరన్ రెండు రకాలు. మాంసం, చేప, కాలేయం లాంటివాటిలో ఉండేది హీమ్ ఐరన్, పేగు దాన్ని నేరుగా తీసుకుంటుంది. ఆకుకూరలు, పప్పులు, చోళ్ళు, బెల్లంలో ఉండే రెండో రకం మాత్రం చాలా మొండిది, తిన్నదాంట్లో నూటికి ఐదో పదో పాళ్ళు వెళ్తే గొప్ప. ఆ ఐదుని పది చెయ్యడం, పదిని రెండు చెయ్యడం రెండూ మన చేతిలోనే ఉన్నాయి.

పెంచేవాటిలో మొదటిది విటమిన్ సి. ఇది ఐరన్‌ని పేగు పట్టుకోగలిగే రూపంలోకి మారుస్తుంది, అదే భోజనంలో ఉంటే శోషణ రెండు మూడు రెట్ల దాకా పెరగొచ్చు. అదే భోజనంలో అన్నాను, పొద్దున జామకాయ తిని రాత్రి తోటకూర తింటే లెక్కలోకి రాదు. ఇంకో సంగతి, విటమిన్ సి వేడికి పాడవుతుంది. కాబట్టి పప్పు పొయ్యి మీద ఉండగా నిమ్మకాయ పిండకండి, దించి గోరువెచ్చగా అయ్యాక పిండండి, ఇంకా మంచిది కంచంలోనే పిండుకోవడం. పచ్చి ఉసిరికాయ తురిమి అన్నంలో కలుపుకోవచ్చు, పక్కన నాలుగు జామ ముక్కలు పెట్టుకోవచ్చు, జామలో ఉన్నంత సి నిమ్మలో ఉండదు తెలుసా. జామ చెట్టు లేని పల్లె మన దగ్గర అరుదు, అయినా కాయలన్నీ రాలిపోయి చీమల పాలవుతుంటే బజారు నుంచి ఆపిల్ కొనుక్కొచ్చే ఇళ్ళు చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చింతపండు పులుపు కూడా కొంత సాయపడుతుంది గానీ నిమ్మ, జామ, ఉసిరి అంత కాదు.

రెండోది చేప. చేపలోని ఐరన్ ఎలాగూ లోపలికి వెళ్తుంది, దాంతోపాటు పక్కనున్న ఆకుకూరలోని ఐరన్ని కూడా లాక్కెళ్తుంది. తోటకూరలో రొయ్యపొట్టు వేసి వండే అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది కదా, కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇళ్ళల్లో మరీనూ. ఆ కూర రుచికోసం పుట్టింది గానీ పేగు లెక్కలో కూడా అది చాలా తెలివైన కూర. ఎండు నెత్తళ్ళు ముళ్ళతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. ఒక్క చిక్కు, ఎండు చేపల్లో ఉప్పు విపరీతం. బీపీ ఉన్నవాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి, కూరలో ఉప్పు వెయ్యకుండా వండుకోవాలి, అదీ ఎప్పుడో ఒకసారి.

మూడోది ఇనప మూకుడు. చింతపులుసో టమాటానో పడిన కూర ఇనప మూకుట్లో ఉడికితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్ వచ్చాక అటకెక్కించిన మూకుడు ఉంటే దించండి. వండిన కూర మాత్రం అందులోనే రాత్రిదాకా వదిలేయకండి, నల్లబడి చిలుము రుచి వస్తుంది, ఇంట్లో ఎవరూ తినరు.

ఇక తగ్గించేది. టీ. భోజనంతోపాటు గానీ, వెంటనే గానీ తాగిన టీ ఆ భోజనంలోని శాకాహార ఐరన్ శోషణని సగానికి పైగా పడగొట్టగలదు, అందులోని టానిన్లు ఐరన్‌ని పట్టేసి కరగనివ్వవు. పాలు పోసిన టీ అయినా ఇదే కథ. కాఫీ కొంచెం నయం, కొంచెమే. పొలంలో నాట్ల టైములో మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు టీ క్యాన్ వచ్చేస్తుంది, ఉపాధి పని దగ్గర కూడా అంతే. టీ మానెయ్యమని ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. భోజనానికీ టీకీ మధ్య గంట, కుదిరితే గంటన్నర ఎడం పెట్టండి, క్యాన్ తెచ్చే మనిషికి మూడింటికి రమ్మనండి, అంతే. ఒంట్లో రక్తం తక్కువున్న ఆడవాళ్ళు ఈ ఒక్క మార్పు ముందు చెయ్యండి.

ఐరన్ మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బడిలో చిన్నపిల్లలకి గులాబి రంగు, పెద్ద పిల్లలకి నీలం, గర్భిణులకి ఎరుపు రంగు మాత్రలు ఆశా కార్యకర్తలు, బడులు ఇస్తున్నాయి, డబ్బులక్కర్లేదు. పాలతో, టీతో వేసుకోకండి. నీళ్ళతో, ఉంటే నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. ఖాళీ కడుపున ఎక్కువ పడుతుంది గానీ వికారం వస్తుంది, అలా వచ్చేవాళ్ళు రాత్రి అన్నం తిన్న గంటకి వేసుకుని పడుకుంటే సరిపోతుంది. గర్భిణులకి కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు, ఈ రెండూ కలిపి మింగకూడదు, ఒకదాన్ని ఇంకోటి అడ్డుకుంటుంది, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మలం నల్లగా వస్తే కంగారుపడి ఆపెయ్యకండి, లోపలికి వెళ్ళని ఐరన్ రంగు అది. మర్చిపోయామని మర్నాడు రెండు కలిపి వేసుకోవడంలోనూ లాభం లేదు, పెద్ద మోతాదు ఐరన్ వెళ్ళగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను విడుదల చేసి దాదాపు ఒక రోజు పాటు పేగు తలుపు సగం మూసేస్తుంది. డాక్టరు రోజు విడిచి రోజు వేసుకోమంటే కారణం అదే, ఆయన పొరపాటున రాశాడనుకోకండి.

చోళ్ళు నానబెట్టండి, మొలకెత్తించండి

చోడి మనకి బలం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, వంద గ్రాముల ఆవుపాలలో 120 లోపే, తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. కానీ ఆ 364 మొత్తం మీ ఎముకల్లోకి వెళ్ళిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. గింజ పైపొరలో ఫైటేట్లు, టానిన్లు ఉంటాయి, అవి కాల్షియాన్నీ, ఐరన్‌నీ, జింకునీ గట్టిగా పట్టుకుని ఉంటాయి. నేరుగా పిండి కొట్టి నీళ్ళలో ఉడికించి తాగే జావలో వీటిలో చాలాభాగం అలాగే బయటికి పోతుంది.

మన అంబలి గొప్పతనం ఇక్కడే ఉంది. రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దుటికి కాస్త పులిశాక, నూకలు ఉడుకుతుండగా అందులో పోసి కలియబెడతారు. ఆ రాత్రంతా గింజలోనే ఉండే ఫైటేజ్ అనే ఎంజైము, పులుపు తెచ్చే బ్యాక్టీరియా కలిసి ఫైటేట్లని విడగొడతాయి. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. పక్కన పచ్చి మావిడికాయ ముక్కో ఉసిరో కొరుక్కుంటే ఐరన్ విషయంలో కూడా పని జరిగిపోయినట్టే. ఇప్పుడు చాలామంది టైము లేదని పులియబెట్టడం మానేసి పొద్దున్నే పది నిమిషాల్లో జావ కాచేస్తున్నారు, రాత్రి పిండి కలపడానికి రెండు నిమిషాలు పట్టదు.

పసిపిల్లలకి పెట్టే పిండికి ఇంకొంచెం కష్టపడండి. చోళ్ళు కడిగి ఓ రాత్రంతా నానబెట్టండి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి. తడి గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు ఉంచితే తెల్లగా మొలకలు వస్తాయి, ఎండాకాలంలో అయితే ఇంకా త్వరగా, గుడ్డ ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. బాగా ఎండబెట్టి, కమ్మని వాసన వచ్చేదాకా సన్నమంట మీద వేయించి, మరపట్టించి, జల్లించి పెట్టుకోండి. బూజు వాసన, జిగురు ఏమాత్రం వచ్చినా ఆ మూట మొత్తం పారెయ్యండి, పసివాళ్ళ విషయంలో పిసినారితనం వద్దు. మొలకెత్తిన పిండి జావ పలచగా ఉంటుంది, అందువల్ల అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది, చిన్న కడుపుకి అది లాభం. పెసలు, ఉలవలు, బొబ్బర్లకి కూడా నానబెట్టడం, మొలకెత్తించడం ఇదే కారణానికి. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే పొట్ట ఉబ్బరం తెచ్చే చక్కెరలు కూడా కొన్ని పోతాయి.

పాలకూర, గోంగూర, తోటకూరల్లో కాల్షియం ఉందని లెక్కలేసుకునేవాళ్ళకి చిన్నమాట. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. వాటిని ఫోలేటు అనే బీ విటమిన్ కోసం, విటమిన్ ఏ కోసం తినండి, కాల్షియానికి పెరుగు, చోళ్ళు, నువ్వులు, ముళ్ళతో తినే చిన్న చేపలు చూసుకోండి.

నూనెకి భయపడి పోపు మానకండి

విటమిన్లు ఏ, డీ, ఈ, కే కొవ్వులోనే కరుగుతాయి. భోజనంలో కొంచెమైనా కొవ్వు ఉంటేనే పైత్యరసం బాగా విడుదలై, దాన్ని సన్న బిందువులుగా విడగొట్టి, ఆ బిందువులతోపాటే ఈ విటమిన్లని పేగు గోడ దాకా మోస్తుంది. బరువు తగ్గాలని మునగాకు, తోటకూర ఒట్టి నీళ్ళలో ఉడికించి తినేవాళ్ళు ఆకులోని కెరోటిన్‌లో (ఒంట్లో విటమిన్ ఏగా మారేది ఇదే) చాలా భాగాన్ని వదిలేసుకుంటున్నారు. మనిషికి ఒక చెంచా నూనె పోపు చాలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకి పోసినంత నూనె పొయ్యమనడం లేదు.

అన్నం, పప్పు, గుడ్డు

బియ్యం మూడు నాలుగు సార్లు పిసికి కడిగి, ఉడికాక గంజి వార్చేస్తే నీళ్ళలో కరిగే బీ విటమిన్లు కాలువలో కలుస్తాయి. ఒకటి రెండు సార్లు కడిగి, సరిపడా నీళ్ళు పోసి వండండి, లేదా వార్చిన గంజిని పారబొయ్యకుండా తరవాణిలో కలపండి. బియ్యం మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం, పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది, కాబట్టి పప్పన్నం జోడీ సరైనదే. కొలతే తేడా. మన కంచంలో అన్నం కొండంత, పప్పు పైన తిలకమంత. ఒక గరిటె అన్నం తగ్గించి ఒక గరిటె పప్పు పెంచండి. షుగరు ఉన్నవాళ్ళు కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు పచ్చిగుడ్లు పగలగొట్టుకుని తాగడం ఆపండ్రా బాబూ. 1998లో బెల్జియంలో చేసిన ఒక చిన్న పరిశోధనలో ఉడికించిన గుడ్డు మాంసకృత్తులు తొంభై శాతం అరిగితే పచ్చిగుడ్డువి సగమే అరిగాయి. పైగా విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఒకటి.

పాలు తాగితే కడుపు ఉబ్బి, గుడగుడమని, విరేచనం అయ్యేవాళ్ళు మనలో చాలామంది. పాలలోని లాక్టోజు అనే చక్కెరని విడగొట్టే ఎంజైము పెద్దయ్యేకొద్దీ తగ్గిపోవడం దక్షిణ భారతంలో మామూలే, అది రోగం కాదు. పెరుగు, మజ్జిగలో బ్యాక్టీరియా ఆ పని సగం చేసి పెడుతుంది, అటు మారిపోండి.

పూర్తి శాకాహారులు బీ12 గురించి తప్పకుండా ఆలోచించాలి. అది చెట్ల నుంచి వచ్చే తిండిలో ఉండదు, పాలు, పెరుగులో కొంత ఉంటుంది. లోపలికి వెళ్ళే పద్ధతి కూడా తిరకాసే. జీర్ణాశయంలో ఆమ్లం దాన్ని తిండి నుంచి విడదీయాలి, అక్కడే ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీను దానికి అంటుకోవాలి, అలా అంటుకున్నదాన్నే పేగు చివరి భాగం తీసుకుంటుంది. ఇందులో ఏ మెట్టు తప్పినా తిన్నది వృథా. అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట ఉంటే వయసైపోతోందని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోండి. ఏళ్ళ తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళు ఆ పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలి.

గ్యాస్ మాత్ర

మందుల షాపులో చీటీ లేకుండా పది మాత్రల అట్ట కొని, పరగడుపునే రోజూ ఒకటి వేసుకునే మనుషులు మన ఊళ్ళల్లో వీధికి పదిమంది దొరుకుతారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ మంచి మందులే, పుండు ఉన్నవాళ్ళకి, అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నేవాళ్ళకి అవసరం కూడా, కాకపోతే వాటి పనే ఆమ్లాన్ని తగ్గించడం. ఐరన్ కరగడానికీ, బీ12 విడివడడానికీ కావాల్సింది ఆ ఆమ్లమే. కాబట్టి ఏళ్ళ తరబడి వాడితే ఆ రెండూ, మెగ్నీషియమూ తగ్గే ప్రమాదం ఉంది. ఒకవైపు రక్తం లేదని ఐరన్ మాత్ర, ఇంకోవైపు పొద్దున్నే గ్యాస్ మాత్ర, రెండూ ఒకే మనిషి. డాక్టరు ఎన్నాళ్ళు రాస్తే అన్నాళ్ళే వాడండి. ఎప్పటినుంచో వాడుతుంటే మీకు మీరే టక్కున ఆపెయ్యకండి, ఆమ్లం ఒక్కసారిగా పొంగి మంట ఇంకా పెరుగుతుంది, అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించడం, చుట్ట, బీడీ మానడం, పొట్ట చుట్టుకొలత తగ్గించడం, చాలామందికి వీటితోనే సగం మంట తగ్గుతుంది. గోళీసోడా తాగగానే పెద్ద తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది, ఆ తేన్పులో ఉన్నది సోడాలోని గ్యాసే.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఛాతీ మధ్యలో బరువుగా నొక్కినట్టు ఉండి, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో లాగుతుంటే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చెయ్యండి.

నులిపురుగులు, విరేచనాలు

కొంకిపురుగు పిల్లలు తడినేలలోంచి చెప్పుల్లేని పాదాల చర్మం గుండా ఒంట్లోకి దూరతాయి, చిన్నపేగు గోడకి కరుచుకుని రోజూ రక్తం తాగుతాయి. జీడిమామిడి తోటల్లో, కొబ్బరి తోటల్లో, గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకి ఎంత ఐరన్ పెట్టినా హిమోగ్లోబిన్ లేవకపోతే ముందు దీన్నే అనుమానించాలి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది నుంచి 19 ఏళ్ళ వరకు ఆల్బెండజోల్ వేస్తారు, రెండేళ్ళు దాటితే 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర, లోపువాళ్ళకి సగం. నమిలి మింగించాలి, పసివాళ్ళకి నలిపి నీళ్ళలో కలపాలి. పిల్లాడికి ఆ రోజు జ్వరమని బడికి పంపకపోతే తర్వాత ఆశా కార్యకర్తని అడిగి వేయించండి. చెప్పులు, మరుగుదొడ్డి లేకపోతే మాత్ర వేసిన కొన్నాళ్ళకే మళ్ళీ వస్తాయి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగు గోడ దెబ్బతిని శోషణ పడిపోతుంది, కానీ ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది. గ్లూకోజు, సోడియం కలిసి వస్తే పేగు కణం రెండింటినీ ఒకే ద్వారం గుండా లోపలికి లాగుతుంది, వెంట నీళ్ళూ వెళ్తాయి. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో చెప్పిన ఈ సంగతి మీదే ఓఆర్ఎస్ నిలబడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరాల్లో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు నీళ్ళు డ్రమ్ముల్లో కలిపి తాగించారు, ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి వచ్చాయి. అందుకే కొలత ముఖ్యం. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో చిటికెడు చిటికెడు కాదు, రుచికని పంచదార కలపకూడదు, చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్ళు ఇంకా ఎదురు వస్తాయి. షాపులో దొరికే తియ్యటి పళ్ళ డ్రింకులు ఓఆర్ఎస్ కావు. కలిపిన నీళ్ళు ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయండి. పిల్లలకి దాంతోపాటు 14 రోజులు జింకు మాత్ర ఇవ్వాలి, విరేచనాలు మూడోరోజే ఆగినా సరే, పేగు గోడ మళ్ళీ మామూలు కావడానికి అది కావాలి. "లంఖణం పరమౌషధం" అని పిల్లల్ని పస్తు పెట్టకండి. తల్లిపాలు, పెరుగన్నం, పప్పుకట్టు ఆపకూడదు.

ఉద్దానం వాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇది చదివాకే మిగతావి పాటించండి

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానం ప్రాంతంలో, కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మనకి తెలిసిందే, దాని అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పైన నేను రాసినవి కిడ్నీలు బాగా పనిచేసే వాళ్ళ కోసం. విటమిన్ డీ చివరి మెట్టు కిడ్నీలోనే పూర్తవుతుంది, ఆ మెట్టు దెబ్బతింటే పేగు కాల్షియాన్ని సరిగా తీసుకోలేదు, ఎంత చోడంబలి తాగినా ఆ లోటు తీరదు. ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకి చెప్పే ఎరిత్రోపాయిటిన్ కూడా కిడ్నీయే చేస్తుంది, అందుకే వీళ్ళకి వచ్చే రక్తహీనత ఒట్టి ఐరన్ మాత్రలతో లొంగదు, ఇంజక్షన్లు అవసరం పడొచ్చు. ఇంకోవైపు పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్ళు, పనస తొనలు, అరటిపళ్ళు, ఆకుకూరలు పొటాషియం ఎక్కువున్నవి, జీడిపప్పులో పొటాషియంతోపాటు ఫాస్ఫరస్ కూడా. పరామర్శకి వచ్చినవాళ్ళు నీరసంగా ఉన్నావంటూ కొబ్బరి బొండాం కొట్టి చేతిలో పెడతారు, ప్రేమే, కానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ పని తగ్గిన మనిషికి అది ప్రమాదం. ఏది ఎంత తినాలో మీ రిపోర్టు చూసి డాక్టరు, డైటీషియన్ చెప్పాలి.

ఎప్పుడు పరీక్ష, ఎప్పుడు పరుగు

ప్రయత్నం చెయ్యకుండా బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, ఐరన్ మాత్రలు వాడకపోయినా తారులాంటి నల్లటి మలం, రెండు వారాలు దాటిన విరేచనాలు, నీళ్ళు పోసినా కదలకుండా జిడ్డుగా తేలే మలం, ముద్ద దిగకపోవడం, వీటిలో ఏది కనపడినా ఇంటి వైద్యాలు పక్కనపెట్టి శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం సర్వజన ఆసుపత్రికో, లేదా మీకు నమ్మకమున్న డాక్టరు దగ్గరికో వెళ్ళండి. చుట్టని అడ్డపొగగా, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే మన పెద్దమ్మలు, మామ్మలు అంగిట్లో తెల్లమచ్చో మానని పుండో ఉంటే అదే రోజు చూపించాలి, నమలలేకపోవడం తర్వాతి సంగతి, అది క్యాన్సర్ కావొచ్చు.

మిగతావాళ్ళు ముందు హిమోగ్లోబిన్ చూసుకోండి. ఆడవాళ్ళకి 12, గర్భిణులకి 11, మగవాళ్ళకి 13 కంటే తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించగలిగితే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో తెలుస్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్ష కూడా చేయించాలి, దానికి వైద్యం వేరు. మాత్రలు మొదలుపెట్టి, టీ ఎడంగా పెట్టి, నిమ్మకాయ పిండుకుంటూ నెలరోజులు గడిచాక మళ్ళీ హిమోగ్లోబిన్ చూడండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగితే మామూలు స్థాయికి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా ఇంకో మూడు నెలలు, ఆపకుండా వాడండి, నిల్వలు నిండేది అప్పుడే. ఒక గ్రాము కూడా పెరగలేదంటే మాత్ర సరిగా వేసుకోవడం లేదా, ఎక్కడో రక్తం పోతోందా, లోపలికే వెళ్ళడం లేదా అన్నది డాక్టరే తేల్చాలి, ఆ రిపోర్టులు రెండూ, రోజూ మింగే మాత్రల అట్టలన్నీ, గ్యాస్ మాత్రతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి.